వడ్లగింజంత సందు

మెదక్,
15 అక్టోబరు 1948, శుక్రవారం.

చిరంజీవి తమ్ముడు జయానందానికి అక్క గోదావరి దీవెనలు.

క్షేమం అని రాయడానికి చేయి రావడం లేదు, అందుకే రాయను. మీ బావను పట్టుకుపోయారు. సరిగ్గా దసరా ముందు రోజు. ఈ ఏడు ఆయన చేతిలో జమ్మి ఆకు పెట్టినవాళ్ళు లేరు.

మా సంగతులు నీకు తెలిసి నాలుగు నెలలయింది కదా, మొదటి నుంచి చెప్తాను. ఎండాకాలంలో రజాకార్లు మా కుల్చారం పక్క ఊళ్ళ మీద పడ్డప్పుడు మేము ఊరు విడిచి ఇక్కడికి వచ్చి, ఖిల్లా కింద ఒక అర్ర కిరాయికి తీసుకున్నాం. పోలీసు యాక్షన్ అయింది, నిజాం చేతులెత్తాడు. ఇక ఊరికి పోయి మన చేను దున్నుకుందామని నేను మూటలు కడుతుంటే పోలీసులు వచ్చారు. నర్సింగం ఎవరని అడిగారు. ఈయన ఎడ్లకు గడ్డి వేస్తున్నవాడు చేతులు దులుపుకొని నేనేనన్నాడు. ఎందుకని ఒక్క మాట అడగలేదు. పెళ్ళయిన నాటి నుంచి ఆ మనిషి అంతే, అడగాల్సిన చోట అడగడు.

నేరం ఏమిటంటే, ఈయన సంఘంలో చేరి, దొర గడి మీద పడి కావలివాణ్ణి చంపిన ఏడుగురిలో ఉన్నాడట. సాక్ష్యం ఒక కాగితం. ప్రాణం పోయినా సంఘాన్ని విడవమని ఏడుగురూ ఒట్టు పెట్టి గుర్తులు వేసిన కాగితమట, గడ్డివాములో దొరికిందట. అయిదో గుర్తు నాగలి. మీ బావకు చదువు రాదు, వేలిముద్ర వేయడు, ఎక్కడైనా నాగలి బొమ్మ గీస్తాడని ఊరంతా ఎరుగుదురు. కావలివాడు చచ్చిన రోజు ఈయన మెదక్‌లోనే జ్వరంతో పడుకున్నాడు. ఆ మాట చెప్తే, పెండ్లాం గవాయి చెల్లదన్నారు.

ఆ కాగితం ఎవరు పుట్టించారో నాకు తెలుసు. దొరగారి గుమాస్తా గాలయ్య. మా కౌలు చేను మీద దొర కన్నుపడి మూడేళ్ళయింది. నిన్నటిదాకా రజాకార్లకు వండిపెట్టిన గడి, ఇవాళ మిలిటరీకి చాయ్ పోస్తోంది.

నవంబరు పదిహేనున ఇక్కడి మున్సిఫ్ సాబు ముందు పేషీ. ఆ కాగితం నిజమని ఆయన నమ్మితే హైదరాబాద్ పెద్ద కోర్టుకు పంపిస్తాడు. అక్కడికి పోయినవాళ్ళకు ఉరేనని కచేరి ముందు అందరూ అంటున్నారు.

నువ్వు నిజాం సర్కారు దఫ్తర్‌లో దస్తావేజులు అసలువో నకిలీవో చూసే పనిలో ఉన్నావు. ఇన్నేళ్ళు కాగితాల మొహం చూసి బతికావు. ఈ ఒక్క కాగితం అబద్ధమని ఎట్లా చూపాలో చెప్పు. లేదా లేచి రా.

నిన్ను ఎత్తుకొని పెంచిన
గోదావరి


హైదరాబాద్,
19 అక్టోబరు 1948.

అక్కకు జయానందం దండాలు.

నీ ఉత్తరం దఫ్తర్‌లో బల్ల కింద పెట్టుకొని చదివాను. రాలేను అక్కా. కొత్త సర్కారు వచ్చిన నాటి నుంచి మా మీద విచారణ నడుస్తోంది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి హాజరు వేయించుకోవాలి. చెప్పకుండా ఊరు దాటితే నన్నూ లోపల వేస్తారు. నన్ను ఎంత తిట్టుకుంటావో తెలుసు, తిట్టుకో.

ముందు ఆ కాగితం చూపించమని అర్జీ పెట్టు. చేయి పెట్టనీయకపోతే ముక్కు పెట్టు. ఏళ్ళు గడిచి పాతబడిన కాగితం వాసన వేరు, పొయ్యి మీద పెట్టి పాత చేసిన కాగితం వాసన వేరు. మడతల దగ్గర చూడు. రాసిన తర్వాత మడిస్తే మడత మీద సిరా పగులుతుంది. మడిచిన తర్వాత రాస్తే సిరా ఆ గీత వెంట పక్కలకు పాకుతుంది. ఎండకు ఎత్తి పట్టుకొని చూస్తే లోపల నీటిగుర్తు కనబడాలి. ఇవి నీ కోసం రాస్తున్నాను, నీ మనసు గట్టిపడడానికి. మున్సిఫ్ హాకిం ఇవేవీ వినడు. నేను వచ్చి చెప్పినా వినడు, బావమరిదిని కదా.

ఆయన వినేది ఒక్కటే. నకిలీ గుర్తు పక్కన అసలు గుర్తు పెట్టాలి. బావ ఇదివరకు నాగలి గీసిన కాగితం ఏదైనా వెదుకు. మీ పెళ్ళయిన మూడో ఏడు దొరతో కౌలు రాసుకున్నప్పుడు రెండు ప్రతులు అయ్యాయి. ఒకటి గడిలో ఉంది, రెండోది మీ ఇంట్లో ఉండాలి. దొరికితే ఉతికిన బట్టలో, వేపాకు మధ్య, చదునుగా పెట్టు. నూనె చేతులతో ముట్టకు. గుర్తు పూర్తిగా కనబడేటట్టు జాగ్రత్త చేయి, మనకు ఆధారం అదే.

ఇంకొక మాట. మనిషి మీద అబద్ధపు కాగితం పుట్టించినవాడికి, నా పేరుతో నీకొక అబద్ధపు ఉత్తరం పుట్టించడం పెద్ద పని కాదు. ఈ ఉత్తరం కింద కుడి మూల చూడు, కత్తెరతో కోశాను. ఇక నేను రాసే ప్రతి ఉత్తరానికీ ఆ మూల ఉండదు. ఉంటే అది నాది కాదు, నమ్మకు. ఈ సంగతి నీలోనే పెట్టుకో.

బావకు జొన్నరొట్టె లేకపోతే కడుపు నిండదు. లోపల ఏం పెడుతున్నారో కనుక్కొని రాయి.

నీ తమ్ముడు
జయానందం


మెదక్,
24 అక్టోబరు 1948, ఆదివారం.

తమ్ముడూ,

నీ ఉత్తరం మూల ఎలుక కొరికినట్టు వచ్చింది. దాన్ని చూసి ఎంత ధైర్యం వచ్చిందో చెప్పలేను.

అర్జీ పెట్టాను. అర్జీలు రాసే ఎల్లం పాపం మంచివాడు, కచేరి దాకా తోడు వచ్చాడు. కోర్టు కాగితాలు చూసే పేష్కారు దాన్ని మూరెడు దూరంలో పట్టుకొని చూపించాడు. నువ్వన్నట్టే, సిరా మడతలో పాకింది. దగ్గరికి వంగితే పొగ వాసన. మాట పైకి అన్నాను. పేష్కారు నవ్వి, "ముక్కుతోని కేసులు గెలుస్తరా అమ్మా" అన్నాడు.

అసలు కబురు విను. మొన్న శుక్రవారం గాలయ్యే మా గడపలోకి వచ్చాడు. మీ తమ్ముడు పట్నం నుంచి మనిషితో పంపాడని ఒక ఉత్తరం చేతిలో పెట్టాడు. అచ్చం నీ రాతే, నీ వంకరే. ఊళ్ళో ఉన్నప్పుడు నీ ఉత్తరాలన్నీ గడి మీదుగానే వచ్చేవి కదా, చూసి నేర్చినట్టున్నాడు. ఇంట్లో ఉన్న కౌలు కాగితం గాలయ్యకు ఇవ్వు, ఆయన మంచి మనసుతో కోర్టులో దాఖలు చేస్తాడని ఉంది. కింద కుడి మూల నిండుగా ఉంది! నాకు ఒళ్ళు మండింది. ఆ కాగితం ఆయన మీదికే విసిరి, "మా తమ్ముని ఉత్తరానికి మూల ఉండది. పోయి మంచిగ నేర్చుకొని రా" అన్నాను. ఆ ఉత్తరం ఏరుకొని గడప దిగి పోయాడు. ఆయన పోయిన తోవను చూసి చాలా రోజులకు కడుపు నిండా తిన్నాను.

కౌలు కాగితం దొరికింది. ఊరి నుంచి తెచ్చిన వెదురు గొట్టంలో, ఆయన కంబళిలో చుట్టి ఉంది. ముద్ర ఉంది, తేదీ ఉంది. కాని ఒక పరేషాన్ ఉంది. నాగలి విరిగింది. చేత్తో పట్టుకునే మేడి ఒకచోట, కింది నాగలి ఒకచోట, మధ్యలో వడ్లగింజంత మేర తెల్లగా ఉంది. అక్కడ సిరా రాలిపోయినట్టుంది. వాళ్ళ కాగితం మీది నాగలి నిండుగా, చూడముచ్చటగా ఉంది, మనది కుంటిది. ఎల్లానికి చూపిస్తే తల అడ్డంగా ఊపాడు. "ఇరిగిన నిశాని చెల్లది వదినా. దస్తావేజు చెడ్డదంటరు, హాకిం చేత్తోని గూడ పట్టడు" అన్నాడు.

సిరాతో ఆ సందు కలపనా? కలిపితే పూర్తవుతుంది, చెల్లుతుంది. మిగతా తేడాలు తర్వాత నువ్వు చెప్పవచ్చు. దీపావళి లోపల జవాబు రాయి. ఆయనను చూడనీయడం లేదు, రొట్టె సంగతి తెలియలేదు.

గోదావరి


(కార్డు)
హైదరాబాద్, 27 అక్టోబరు.

అక్కా, ఆ కాగితం ముట్టకు. సిరా పెట్టకు. ఎట్లా ఉన్నదో అట్లాగే ఉంచు. కవర్లు దొరకడం లేదు, అందుకని కార్డు. మూల కోసిన కార్డు పోస్టులో తీసుకోమన్నారు, అందుకే మూల ఉంది. నమ్ము. — జయానందం.


మెదక్,
30 అక్టోబరు 1948.

తమ్ముడూ,

నువ్వు ఎందుకు జవాబు రాయలేదో తెలియదు. ఉత్తరం దారిలో పడిపోయిందో, వాళ్ళే పట్టుకున్నారో. నీ బదులు గాలయ్య మాత్రం రాశాడు. ఈసారి కార్డు.

ఎంత మాయగాడో చూడు. మూల సంగతి నేను కోపంలో ఆయన ముందు అనేశాను కదా, అది పట్టుకున్నాడు. మూల కోస్తే పోస్టులో తీసుకోరట, అందుకే ఉంచాడట, నమ్మాలట! నిజం రాసేవాడు నమ్మమని ఎందుకు బతిమాలుతాడు? పైగా నువ్వు నాలుగు ముక్కలతో ఉత్తరం ముగించిన రోజు ఒకటి ఉందా? బావ రొట్టె మాట లేదు, గాలయ్య ఊసు లేదు. కాగితం ముట్టకు, సిరా పెట్టకు అని మాత్రం ఉంది. అంటే ఆ నాగలి పూర్తికావడం వాళ్ళకు ఇష్టం లేదన్నమాట. నీ అసలు ఉత్తరంలో నువ్వేమన్నావు? గుర్తు పూర్తిగా కనబడేటట్టు చేయమన్నావు. అది మూల లేని ఉత్తరం. ఇది మూల ఉన్న కార్డు. ఏది నమ్మాలో నాకు తెలియదా?

కలిపాను. సిరా నేనే చేసుకొని, జొన్నపుల్ల కొసను సన్నగా చెక్కి, ఊపిరి బిగబట్టి మేడిని నాగలికి చేర్చాను. నాయిన బడిలో అక్షరాలు దిద్దిన చేయి, ఎక్కడికి పోతుంది? చూసినవాళ్ళెవరూ తర్వాత గీసిందని అనరు. ఎల్లం కూడా, ఇప్పుడు దస్తావేజు లాగా ఉందన్నాడు. నాగలి నిలబడింది తమ్ముడూ. ఇన్ని రోజులకు నేను ఆయనకు చేయగలిగిన పని ఇది ఒక్కటే, చక్కగా కుదిరింది.

ఎల్లుండి దీపావళి. ఒక్క దీపం పెడతాను.

గోదావరి


హైదరాబాద్,
2 నవంబరు 1948.

అక్కా,

ఆ కార్డు నాదే.

మూల కోశాను, చూసుకో. అది కూడా చాలదని ఇంకొకటి రాస్తున్నాను, గాలయ్యకు తెలిసే వీలు లేనిది. నాయిన బడిలో నా పలక నువ్వే చూసేదానివి. నేను ఎప్పుడూ తలకట్టు పెట్టడం మరిచేవాణ్ణి. కొట్టేదానివి కాదు, నా చేతిలో బలపం లాక్కొని నువ్వే పెట్టేసేదానివి. నాయిన చూసి, వాడి తప్పు వాణ్ణి చూడనీయవే అని నిన్ను కోప్పడేవాడు. సగం గీసిన గీత కనబడితే నీ చేయి ఆగదు. అది తెలిసి కూడా నేను నాలుగు ముక్కల కార్డు రాశాను. తప్పు నాది. అబద్ధపు ఉత్తరాలను ఆపాలని నేను పెట్టిన నియమం నా ఉత్తరాన్నే ఆపింది.

దిద్దిన దస్తావేజు చచ్చిన దస్తావేజు అక్కా. ఎంత చక్కగా దిద్దినా సరే. భూతద్దం పెడితే కొత్త గీత కనబడిపోతుంది. అప్పుడు, నకిలీ చేసేది మీరే, ఎదుటివాళ్ళను అంటున్నారా అని అడుగుతారు. ఈ మాట నిన్ను బాధపెట్టడానికి రాయడం లేదు, నువ్వు దాన్ని ఇంకెవరికీ చూపకూడదని రాస్తున్నాను.

నన్ను తినేస్తున్నది ఇంకొకటి ఉంది. ఇరవై ఏళ్ళు గొట్టంలో చుట్టి పెట్టిన కాగితం మీద సిరా రాలితే మడత వెంట రాలుతుంది, అక్కడక్కడా రాలుతుంది. సరిగ్గా మేడి దగ్గర వడ్లగింజంత మేర రాలి, మిగతాదంతా నిలబడదు. ఆ సందు మొదటి నుంచీ ఉన్నదేమో. ఎట్లాగైనా ములాఖత్ సంపాదించి బావను అడుగు. చుట్టూ ఎవరూ లేకుండా చూసి అడుగు.

నువ్వు వాడిన సిరా దేనితో చేశావు? ఒక్క వస్తువు కూడా మరవకుండా రాయి.

జయానందం


మెదక్,
6 నవంబరు 1948.

తమ్ముడూ,

నీ ఉత్తరం చదివి గడప మీదే కూర్చున్నాను, పొద్దు తిరిగేదాకా లేవలేదు. తర్వాత లేచి జైలుకు పోయాను. ఆ వాకిట్లో రెండు రోజులు కూర్చుంటే మూడో రోజు అయిదు నిమిషాలు ఇచ్చారు.

మీ బావ చిక్కిపోయాడు. గడ్డం తెల్లగా వచ్చింది. నన్ను చూసి మొదటి మాటగా, కౌలు కాగితం తెచ్చావా అన్నాడు. మేడి దగ్గర ఆ సందు ఏమిటని అడిగాను. అటూ ఇటూ చూసి, ఊచలకు మొహం ఆనించి చెప్పాడు. ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"మా నాయిన నాకు నాగలి గీసుడు నేర్పినప్పుడే చెప్పిండు. నాగలి అందరు గీస్తరు, సందు మనమే ఇడువాలె. చూసెటోడు సిరా రాలిందనుకుంటడు. దొంగతనంగ గీసెటోడు నిండుగ గీస్తడు, గక్కడ దొరుకుతడు. ఎవ్వలకు చెప్పద్దు, పెండ్లానికి సుత చెప్పద్దన్నడు. వాళ్ళ కాయిదం మీద సందు లేదు. అది నేను పోలీసుల ముంగట అన్లే, గాలయ్య ఆడనే ఉన్నడు. రెండు కాయిదాలు హాకిం బల్ల మీద పెట్టినంక అంట."

అది విన్నాక ఇంకేం ఉంది? నేను దిద్దిన సంగతి చెప్పాను. ఆయన అరిస్తే బాగుండేది. ఊచల మీది చేతులు తీసేశాడు. "నిండుగ గీసినవా" అన్నాడు. అవునన్నాను. "మంచిగ కుదిరిందా" అన్నాడు. ఆ తర్వాత జవాను వచ్చాడు.

ఇరవై మూడేళ్ళు కాపురం చేశాను. పేరు రాయడం నేర్పుతానని ఎన్నిసార్లు పోరాను! నా మొగుడు పంతులు బిడ్డను చేసుకొని నాగలి బొమ్మ గీస్తున్నాడని నేను పదిమందిలో సిగ్గుపడేదాన్ని. ఆయన నవ్వి ఊరుకునేవాడు. ఎందుకు నవ్వేవాడో ఇప్పుడు తెలిసింది. చెప్పవద్దని తండ్రి అంటే మాత్రం నాకు చెప్పవద్దా? నేనేమన్నా ఊరి మీద దండోరా వేస్తానా? అని కోపం వచ్చింది. వెంటనే మూల సంగతి గుర్తొచ్చింది. నువ్వు నాలోనే పెట్టుకోమన్న సంగతి నేను మూడు రోజులు కూడా దాచలేదు. గాలయ్య మొహం మీద విసిరేశాను. మామ తెలిసే చెప్పాడు.

గాలయ్య గడిలో ఉన్న ప్రతి చూసి నకలు కొట్టాడు. సందు చూసి సిరా రాలిందనుకొని, నిండుగా గీశాడు. నేనూ సిరా రాలిందనుకున్నాను, నిండుగా గీశాను. ఆయన అబద్ధం కోసం చేశాడు, నేను ప్రేమతో చేశాను. ఇప్పుడు రెండు కాగితాల మీదా ఒకటే నాగలి ఉంది. గడిలోని ప్రతి కాలిపోయిందని దొర ముందే రాసిచ్చాడట.

నువ్వడిగిన సిరా సంగతి. కరక్కాయ, అన్నభేది కలిపి నాయిన చేసే సిరా చేద్దామనుకున్నాను. గడబిడలో పచారీ దుకాణాలు తెరవడం లేదు, కరక్కాయలు దొరకలేదు. దీపపు మసి తీసి తుమ్మబంక నీళ్ళలో కలిపాను. అంతే. ఎందుకు అడిగావో తెలియదు. ఇక ఏది అడిగినా ఏముంది.

తొమ్మిది రోజులుంది. ఆయనను నా చేతులతో నేనే పంపిస్తున్నాను తమ్ముడూ. ఈ చేతితో అన్నం తినబుద్ధి కావడం లేదు.

గోదావరి


హైదరాబాద్,
9 నవంబరు 1948.

అక్కా,

మనోహరాబాద్ స్టేషన్ దాకా పోయే మనిషి చేత ఇది పంపిస్తున్నాను, అక్కడి నుంచి లారీ మీద వస్తుంది. మూల చూసుకో. తలకట్టు గుర్తు తెచ్చుకో. నిదానంగా చదువు.

కరక్కాయలు దొరకకపోవడం మన అదృష్టం. కరక్కాయ సిరా కాగితాన్ని తింటుంది. ఏళ్ళు గడిచేకొద్దీ లోపలికి దిగి, వెనక పక్కకు గోధుమరంగులో తేలుతుంది. బావ గీసింది ఆ సిరాతోనే, ఆ రోజుల్లో కౌళ్ళన్నీ దానితోనే రాసేవారు. మసి సిరా అట్లా కాదు, పైనే కూర్చుంటుంది. తడి దూది పెడితే లేచి వస్తుంది.

కాగితాన్ని తిప్పి వెనక పక్క చూడు. ఎండ వెలుతురులో చూడు. నాగలి కనబడుతుంది, సందు కూడా కనబడాలి. కనబడితే మనకు ఇంకా దారి ఉంది. కాని ఇంట్లో తుడవకు! నువ్వు ఇంట్లో తుడిచి తీసుకుపోతే, ఆ సందు నువ్వే చేశావంటారు. హాకిం చూస్తుండగా, ఆయన బల్ల మీద, ఆయన తెప్పించిన నీళ్ళతో తుడవాలి.

అట్లా తుడవాలంటే ముందు నువ్వే దిద్దావని నీ నోటితో చెప్పాలి. పేషీలో ఉన్న మనిషి దస్తావేజు దిద్దడం నేరం. విడిచిపెట్టరు. అందుకే నేనొకటి అనుకున్నాను. ఆ గీత నేను గీశానని చెప్పు. దసరాకు వచ్చి గీసి పోయాడని చెప్పు. విచారణలో ఎట్లాగూ ఉన్నాను, ఇంకొకటి తోడవుతుంది, అంతేగా. నాకు వెనక ఏడ్చేవాళ్ళు కూడా ఎవరూ లేరు నువ్వు తప్ప. నా మాట విను అక్కా, ఈ ఒక్కసారి.

జయానందం


మెదక్ జైలు, ఆడవాళ్ళ గది,
12 డిసెంబరు 1948, ఆదివారం.

తమ్ముడూ,

మూల నేనూ కోశాను. కత్తెర ఇవ్వరు కనుక పళ్ళతో కొరికాను. ఇది మీ బావ చేత పంపిస్తున్నాను. అవును, ఆయన బయట ఉన్నాడు.

నీ మాట వినలేదు. దసరాకు నువ్వు హైదరాబాద్‌లో హాజరు వేయించుకున్నట్టు దఫ్తర్ పుస్తకంలో ఉండగా, మెదక్ వచ్చి గీశావని ఎట్లా చెప్పను? అబద్ధపు కాగితం మీద పోరాడుతూ హాకిం ముందు ఇంకొక అబద్ధం పెట్టాలా? పైగా ఆ చేయి నాది.

పేషీ రోజు మున్సిఫ్ సాబు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి, రెండూ ఒకటేనన్నాడు. గాలయ్య తల దించుకొని నవ్వుకున్నాడు. నేను లేచాను. "గా నాగలి నేను దిద్దిన. మసితోని దిద్దిన. జర నీళ్ళు తెప్పియ్యుండ్రి, తుడిచి చూపిస్త" అన్నాను. పేష్కారు నా మాటలు ఉర్దూలో చెప్తుంటే హాకిం కళ్ళద్దాలు తీసి నన్ను చూశాడు. అట్లా అంటే నీకేమవుతుందో తెలుసా అని అడిగించాడు. తెలుసన్నాను.

గ్లాసులో నీళ్ళు తెచ్చారు. దూది లేదు, కొంగు తడిపాను. రెండుసార్లు అద్దేసరికి నల్లటి మరక కొంగుకు వచ్చింది. మేడి విడిపోయింది. వడ్లగింజంత సందు మళ్ళీ తెల్లగా వచ్చింది. హాకిం లేచి కిటికీ దగ్గరికి పోయి, కాగితం తిప్పి వెలుతురుకు పట్టుకున్నాడు. వెనక పక్క నువ్వు చెప్పినట్టే గోధుమరంగు నాగలి, మధ్యలో సందు. చాలాసేపు చూశాడు.

అప్పుడు మీ బావను అడిగాడు. తండ్రి దాచమన్న మాట ఆయన కోర్టంతా వినేటట్టు చెప్పాడు, గాలయ్య కూడా వినేటట్టు. నమ్మడానికి హాకిం మూడు తెల్లకాగితాలు ఇచ్చి, మూడుసార్లు నాగలి గీయించాడు. మూడింటిలోనూ సందు ఒక్కచోటే, ఒక్క మేరే. చూడకుండా గీశాడు తమ్ముడూ, ఊపిరి పీల్చినంత తేలికగా.

ఆయనను విడిచిపెట్టారు. మిగతా ఆరుగురినీ విడిచిపెట్టలేదు. ఒక గుర్తు అబద్ధమైతే కాగితమంతా అబద్ధం కాదా అని ఎల్లం గొంతు పోయేటట్టు అరిచాడు. వేలిముద్రల సంగతి వేరన్నారు. మా పక్క ఊరి ఐలయ్యను ఎరుగుదువు కదా. గడిలో కొట్టి, తెల్లకాగితం మీద బొటనవేలు ఒత్తించుకున్నారట. వేలు ఆయనదే, ఎట్లా కాదంటాడు? వేలికి సందు విడవడం ఎవరూ నేర్పలేదు. వాళ్ళను లారీలో ఎక్కించి హైదరాబాద్‌కు తీసుకుపోయారు. ఐలయ్య భార్య ఆగమ్మ కచేరి మెట్ల మీద కూర్చొని నన్నే చూసింది. నేను ఆమె మొహం చూడలేకపోయాను. నీకు చేతనైతే ఐలయ్యను చూడనిస్తారేమో కనుక్కో.

గాలయ్యను నాలుగు ప్రశ్నలు అడిగి ఇంటికి పంపారు. నాకు మూడు నెలలు వేశారు. చేను దొర వేరేవాళ్ళకు ఇచ్చాడు. అవన్నీ రాస్తే కాగితం చాలదు.

మీ బావ వారానికి ఒకసారి రొట్టె కట్టుకొని ములాఖత్‌కు వస్తాడు. మాడుస్తున్నాడు, అయినా తింటున్నాను. మొదటిసారి వచ్చినప్పుడు రొట్టె మూట ఊచల మధ్య నుంచి అందించాడు. పోయేముందు, "సందు అందరికి తెలిసిపాయె. ఇగ నాగలి పనికిరాదు. పేరు రాసుడు నేర్పు" అన్నాడు. ఇరవై మూడేళ్ళు నేను పోరింది ఇదే. తీరా ఆయన అడిగితే నాకు ఏడుపు ఆగలేదు. తండ్రి ఇచ్చిన గుర్తును నా కోసం పదిమందిలో పారేసుకున్నాడు.

ఊచల ఇవతల నుంచి నేను గాలిలో వేలితో రాస్తే, ఆయన అవతల బొగ్గుముక్కతో నేల మీద రాస్తాడు. నాలుగు వారాలయింది. ఈ ఉత్తరం కింద నా పేరు రాయడం లేదు. ఇవాళ ఆయనకే కలం ఇచ్చాను, కాగితం మీద ఇదే మొదటిసారి. చివర సున్న లేదు. నా చేయి కలం దాకా పోయింది, మళ్ళీ వెనక్కి తీసుకున్నాను. మరిచిపోయాడో, కావాలనే విడిచాడో నేను అడగలేదు. నువ్వూ దిద్దకు.

ఇట్లు
నర్సింగ